కార్డు కేటలాగుతో నడుస్తున్న పరిశోధన గ్రంథాలయాన్ని ఆధునికం చేయాలంటే ముందు ఏం చేయాలి?

కొత్తగా బాధ్యత తీసుకున్న లైబ్రేరియన్లు చాలామంది సాఫ్ట్‌వేర్ ఏది కొనాలా అని టెన్షన్ పడతారు. నిజానికి అది తేలిక. కోహా లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ 2000 నుంచే ఉచితంగా దొరుకుతోంది.

నడుం విరిచేది కేటలాగు డేటా. 1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రామ్ నేతృత్వంలో రూపొందిన మార్క్ పద్ధతే ఇప్పటికీ దీనికి ఆధారం. కార్డు మీది వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా అంకెలు వేసిన గడుల్లో (ఫీల్డుల్లో) రాసే పద్ధతి ఇది. రచయిత పేరు 100వ ఫీల్డులో, పుస్తకం పేరు 245లో ఎక్కించాలి. చిక్కేమిటంటే ఒకే రచయిత పేరు ఒక కార్డు మీద ఇంటిపేరుతో, ఇంకోదాని మీద పొడి అక్షరాలతో ఉంటుంది. యథాతథంగా ఎక్కిస్తే కంప్యూటర్ వాళ్లను ఇద్దరుగా లెక్కేస్తుంది. వెతికేవారికి సగం పుస్తకాలు అలమరాలో ఉండీ లేనట్టే. అందుకే ప్రతి రచయితకూ ఒక ప్రామాణిక రూపం ఖాయం చేసి, మిగతా రూపాలను దానికి ముడిపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేసి ముందుకెళ్తే తర్వాత రెట్టింపు చాకిరీ.

బార్‌కోడ్లు, ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో పుస్తకాన్ని గుర్తించే చిప్పులు) ఆ తర్వాత చూసుకోవచ్చు.

సిద్ధాంత గ్రంథాలకు 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తెచ్చిన డీస్పేస్ అనే డిజిటల్ భాండాగారం సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. అయితే స్కాన్ చేసి ఊరుకుంటే అవి ఉత్త బొమ్మలే. ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్‌తో చదివించి టెక్స్టుగా మార్చి, తప్పులు దిద్దితేనే లోపలి మాటలు వెతుకులాటలో దొరుకుతాయి.