సరస్సు పక్కనే ఉన్నా అటు పోని వాగు

ప్రశ్న: మా కొడుకు చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాడు. పోయిన ఎండాకాలం మూడు నెలలు అక్కడ ఉండి వచ్చిన. ఊరి నడుమ డూపేజ్ అని చిన్న నది ఉంది. తూర్పుకు కారులో గంట పోతే సముద్రమంత మిషిగన్ సరస్సు. మరి ఆ నది అటు పోకుండా దక్షిణం దిక్కు ఎందుకు పారుతుంది? మా వాణ్ణి అడిగితే గూగుల్ చూడమన్నడు.
- ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: గూగుల్ దాకా ఎందుకమ్మా, ఖమ్మం బస్సెక్కి వర్ధన్నపేట దగ్గర కిటికీలోంచి చూడండి. వరంగల్‌కు దగ్గరున్నది గోదావరి. అయినా ఆకేరు అటు పోదు, మున్నేరులో కలిసి కృష్ణకు పోతుంది. పాకాల నీళ్లదీ అదే దారి. రామప్ప చెరువువేమో గోదావరికి. నడుమ పెద్ద గుట్టలే ఉండనక్కర్లేదు, నీళ్లకు జానెడు మెరక చాలు.

అక్కడ ఆ మెరక పోసింది మంచు. హిమయుగం చివర మంచు వెనక్కి తగ్గుతూ, మోసుకొచ్చిన మట్టినీ రాళ్లనీ సరస్సు అంచు చుట్టూ చెరువు కట్టల్లాగా వదిలిపోయింది. డూపేజ్ పుట్టింది ఆ కట్టల పడమటి వాలులో. కట్ట అంటే మరీ ఎత్తేం కాదు. చికాగో మురుగు తాగునీటి సరస్సులో కలుస్తోందని, ఆ మెరకను కోసి కాలువ తవ్వి, 1900లో చికాగో నదినే వెనక్కి తిప్పారు!

ఒక దిద్దుబాటు. మీరు ఊరి నడుమ చూసింది పడమటి పాయ మాత్రమే. మా అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు ఆ ఒడ్డు మీది ఇటుకల బాటన నడిచి నేనూ అదే మొత్తం నది అనుకున్న. షామ్‌బర్గ్ వైపు నుంచి వచ్చే ఈ పాయ, లైల్ మీదుగా వచ్చే తూర్పు పాయతో నేపర్‌విల్‌కు దక్షిణాన కలుస్తుంది. అక్కడి నుంచి ప్లెయిన్‌ఫీల్డ్ దాటి, షానహాన్ దగ్గర డెస్ ప్లెయిన్స్ నదిలో పడుతుంది. అది కాంకకీతో కలిస్తే ఇల్లినాయ్ నది. ఆ తర్వాత మిసిసిపి.

ఇంకో తమాషా. 1992 నుంచి నేపర్‌విల్ నల్లాల్లో వచ్చేది మిషిగన్ సరస్సు నీళ్లే. వాడినంక శుద్ధి చేసి డూపేజ్‌లోకి వదులుతారు. మూడు నెలలు మీరు గిన్నెలు కడిగిన నీళ్లు మళ్లీ సరస్సు మొహం చూడలేదు, మెక్సికో సింధుశాఖ దారి పట్టినయి.