పెదవి జాగ్రత్త, అల్లుడూ

ప్రొద్దుటూరు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "అన్నా, వీడు ఆఖరి సంవత్సరంలో బ్యాండ్ కడతాడంట. ఏడుగురంట. కడపలో రూము కూడా తీసుకున్నారంట. నువ్వే చెప్పాల" అని. చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టినాక అటక మీది ట్రంపెట్ పెట్టె దించి, దుమ్ము తుడిచి, చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భయమూ ఉంది, మన ఇంట్లో మళ్లీ ఒకడు ట్రంపెట్ పట్టాడని సంతోషమూ ఉంది.

నువ్వు పంపిన పాటలన్నీ విన్నాను. జమైకా స్కాకు పంక్ రాక్ కలిపిన ఈ స్కా-పంక్ అనే పేరు నాకు కొత్త గానీ ఆ ట్రంపెట్లు, ట్రాంబోన్లు కొత్తవి కావు. జమైకాలో స్కా వాయించిన తొలి తరంలో చాలామంది కింగ్‌స్టన్‌లో నన్‌లు నడిపిన ఆల్ఫా బడి బ్యాండులో నేర్చుకున్నవాళ్లేనని నువ్వే చెప్పావు కదా. ఆ మాట వినగానే పెళ్లిళ్లకు వాయించిన మా బ్యాండు సెట్టు పిల్లలు గుర్తొచ్చారు. ఆ పాటల్లో గిటారు తాళం దెబ్బ మీద పడదు, రెండు దెబ్బల నడుమ పడుతుంది. అది ఒంటికి పట్టేదాకా కాలితో తాళం వేస్తూ, నడుమ చప్పట్లు కొట్టు.

చిన్న సంగతులు ముందు చెప్తాను. బయానా ఎంత తీసుకున్నా అందరి ముందరా లెక్క రాయి. రాత్రి పదికల్లా స్పీకర్లు ఆపండి. చిన్న రూములో డ్రమ్ముల పక్కన దూది చాలదు, చెవులకు ఫోమ్ ప్లగ్గులు పెట్టుకోండి. ట్రంపెట్ మీద వేళ్లతో నొక్కే వాల్వులకు కొబ్బరినూనె వేయకు, చలికి పేరుకుంటుంది. పరీక్షలు మటుకు రాయి.

ఇంకొకటి. గిటారు వాళ్లకు ఇ మేజర్ శ్రుతి సులువు. నీది బి-ఫ్లాట్ ట్రంపెట్. వాళ్లు ఇ అంటే నీ వేళ్లకు అది ఎఫ్-షార్ప్, ఆరు షార్పులతో కష్టం. ఎఫ్‌లోనో బి-ఫ్లాట్‌లోనో పాట కట్టమని మొదటి రోజే అడుగు, మొహమాటపడకు. మన ఎండలకు ట్రంపెట్ వేడెక్కి శ్రుతి పైకి పోతుంది. అప్పుడు ట్యూనింగ్ స్లైడ్, అదే శ్రుతి సరిచేసే గొట్టం, కాస్త బయటికి లాగు.

ఇక పెదవి సంగతి. ఈ ఉత్తరం రాసేది దీనికోసమే.

ముప్పై ఏళ్ల కిందట, మే నెల. ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి. వరుసగా నాలుగు రాత్రులు ఊదాను. ఐదో రోజు కడపలో పెళ్లి మెరవణి. పొద్దున అద్దంలో చూసుకుంటే మౌత్‌పీస్ అంచు పై పెదవి మీద ఎర్రగా ఉంగరంలా పడి ఉంది. తాకితే మొద్దుబారిపోయింది. మా రెండో ట్రంపెట్ వాడు అది చూశాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. "అన్నా, ఈ పొద్దు పైస్వరాలు నేను ఊదుతా, నువ్వు కింద పట్టు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పెళ్లివాళ్లు నన్ను చూసే బయానా ఇచ్చారని చెప్పాను. నిజానికి వాడు నాకంటే బాగా ఊదుతాడేమోనని భయం.

ఏడు రోడ్ల దగ్గరికి వచ్చేసరికి పెదవి మాట వినలేదు. స్వరం పలక్కపోతే ఊదేవాడు ట్రంపెట్‌ను మూతికేసి అదుముతాడు. అదిమేకొద్దీ పెదవికి రక్తం అందదు, పెదవి వణకదు. వణక్కపోతే నాదమే లేదు. నేను ఇంకా గట్టిగా అదిమాను. నోట్లో ఉప్పగా తగిలింది, ట్రంపెట్‌లోంచి ఉత్త గాలి వచ్చింది. వెనక నుంచి వాడు ఆ స్వరాన్ని అందుకున్నాడు. పాట తెగలేదు, జనానికి తెలియను కూడా తెలియలేదు. నేనేం చేశాను? పాట కాగానే నడిరోడ్డులో, పదిమంది ముందర, నా చోటుకే ఎసరు పెడతావా అని వాడిని తిట్టాను.

వాడు ఒక్క మాట అనలేదు. పెళ్లివారి ఇంటి దాకా ఊదాడు. తర్వాత యూనిఫారం కోటు విప్పి, మడిచి, బేస్ డ్రమ్ము మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నా పెదవి మానడానికి మూడు నెలలు పట్టింది. మానింది గానీ ఆ పైస్వరాలు తిరిగి రాలేదు. ట్రంపెట్లు లేని సెట్టును పెళ్లికి ఎవరు పిలుస్తారు? రెండేళ్లు నిండకుండానే అందరం తలోదారి అయ్యాం. కొన్నాళ్లకు మైదుకూరు బస్టాండులో వాడు కనిపించాడు. పిలుద్దామని నోరు తెరిచాను, పిలవలేకపోయాను.

మీ బ్యాండ్ ఎన్నాళ్లుంటుందని మీ అమ్మ దిగులు. నాకు ఆ దిగులు లేదు. జమైకా స్కా బ్యాండ్ స్కాటలైట్స్ అంతటివాళ్లు 1964లో కూడి 1965లోనే విడిపోయారు. నువ్వు పదేపదే వినే కాలిఫోర్నియా వాళ్లు, ఆపరేషన్ ఐవీ, 1987 నుంచి 1989 దాకా రెండేళ్లే ఉన్నారు. వాళ్లు నలుగురు, మీరు ఏడుగురు. చదువు అయిపోతే ఒకడు బెంగళూరు పోతాడు, ఒకడు హైదరాబాదు పోతాడు. పోనీ. పండగకు మళ్లీ కలిసి వాయించుకోవచ్చు. నాలాగా మాట జారి మాత్రం విడిపోవద్దు నాయనా.

అందుకని ఎంతసేపు ఊదితే అంతసేపు ఆగు. పెదవి మొద్దుబారిందా, ఆ రోజుకు పెట్టె మూసెయ్, ఎవరెంత ఈలలు వేసినా సరే. జ్వరం పెట్టుకుని క్రికెట్ ఆడి సెలైన్ ఎక్కించుకున్న మొండిఘటానివి నువ్వు. నాకు తెలుసు కాబట్టే ఇంత చెప్తున్నాను. ఎర్రముక్కపల్లి నుంచి ఇంకో ట్రంపెట్ పిల్లోడు వస్తాడన్నావే, వాడికి ప్రతి పాటలో ఒక చోటు ఉంచు. నీకు అలుపు రాకముందే ఉంచు.

శనివారం మీ అమ్మ ఇక్కడికి వస్తోంది. నా ట్రంపెట్ ఆమె చేతికిచ్చి పంపుతాను. అద్దెది తిరిగిచ్చెయ్. మూడో వాల్వు కాస్త పట్టేస్తుంది, రెండు రోజులు ఆడిస్తే సర్దుకుంటుంది. పెట్టెలో వాల్వ్ ఆయిల్ సీసాలు రెండు ఉంటాయి. ఒకటి ఆ పిల్లోడికివ్వు.

మీ మామ