ఇంగ్లిష్‌లో ఉరికే రైలు తెలుగులో నడుస్తుందేం?

ప్రశ్న: మొన్న కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం గంటన్నర కూర్చున్నాం. మైకులో ఇంగ్లిష్‌లో 'రన్నింగ్ లేట్' అని, తెలుగులో 'ఆలస్యంగా నడుస్తున్నది' అని ఒకటే చెప్పడం. ఆరో తరగతి చదివే మా బాబు "అమ్మా, ఇంగ్లిష్‌ల ఉరుకుతున్న రైలు తెలుగుల నడుస్తుందేంది, అందుకే లేటా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు, నాకు మాత్రం జవాబు తోచలేదు. ఇంటికొచ్చి డిక్షనరీ తీస్తే రన్‌కు బోలెడన్ని అర్థాలు. ఇవన్నీ బట్టీ పట్టించాలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు ఆ పిల్లాడికి నా పేరు చెప్పి ఒక సర్వపిండి చేసి పెట్టండమ్మా.

బట్టీ మాట మర్చిపోండి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద డిక్షనరీ కోసం ఈ ఒక్క క్రియను తిరగరాయడానికి పీటర్ గిల్లివర్ అనే ఎడిటర్‌కు తొమ్మిది నెలలు పట్టింది, లెక్క తేలేసరికి 645 అర్థాలయ్యాయి. 1989 ఎడిషన్‌లో అన్నిటికంటే పొడుగు వివరణ సెట్ అనే మాటది, దాన్ని కూడా రన్ దాటేసింది.

అందుకే రన్ అంటే ఉరకడం అని నేర్పకండి, రన్ అయ్యేది ఏమిటో చూడమనండి, తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది. మనిషైతే ఉరుకుతాడు. రైలు, మిషను, కిరాణా షాపు అయితే నడుస్తాయి. ముక్కయితే కారుతుంది. కొత్త ఎర్ర లంగాను తెల్ల బనియన్లతో కలిపి నానబెట్టారనుకోండి, అరగంటకు బకెట్లో నీళ్లు, బనియన్లు అన్నీ గులాబీ రంగే, దానికీ ఇంగ్లిష్‌వాళ్లు రంగు రన్ అయిందనే అంటారు, మనం రంగు దిగిందంటాం. ఎన్నికల దగ్గర ఇంకా తమాషా: అమెరికాలో రన్ అవుతారు, బ్రిటన్‌లో స్టాండ్ అంటారు, మన నాయకులూ నిలబడేవాళ్లే (నిలబడ్డాక ఐదేళ్లు ఎటు ఉరుకుతారో వేరే సంగతి).

వెనక చిన్న మాట చేరిందంటే మాత్రం జాగ్రత్త. రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం, డబ్బాలో చక్కెర అయిపోయినా అదే, బండిలో పెట్రోల్ అయిపోయినా అదే. రన్ ఇన్‌టు అంటే అనుకోకుండా ఎదురుపడటం, గుద్దేయడం కూడా. ఒకసారి హనుమకొండ చౌరస్తాలో దోస్తు వాళ్ల నాన్న కనబడితే, గొప్పకు పోయి వాడికి ఇంగ్లిష్‌లో 'మీ నాన్నను రన్ ఇన్‌టు అయ్యాను' అని మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోను, "ఏ హాస్పిటల్‌రా?" అని. వాడి టెన్షన్ తగ్గించేసరికి నాకు చెమటలు పట్టాయి.

ఇక మీ బాబుకు జవాబు. రైలు కాళ్లతో నడవదు కదా, పని సాగుతుందంటే మనం నడుస్తుందంటాం, అదే మాటకు ఇంగ్లిష్‌వాళ్లు ఉరుకు వాడుకున్నారు, లేటుకూ దానికీ సంబంధం లేదు. నమ్మకపోతే చిరిగిన పది నోటిచ్చి షాపుకు పంపండి. "ఇది నడవది బాబూ" అంటాడు షాపాయన. నోటుకు కాళ్లెక్కడివని అక్కడే అడగమనండి.

ప్రశ్న: 'ఐ హావ్ ర్యాన్' అనొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: వద్దు, 'ఐ హావ్ రన్' అనాలి. మూడు రూపాలు రన్, ర్యాన్, మళ్లీ రన్, హావ్ తర్వాత మూడోదే. కమ్, కేమ్, కమ్ కూడా అంతే.