ఫార్మాట్ కొట్టేశారా? ముందు ఆ పెన్ డ్రైవ్ తీసి పక్కన పెట్టండి

అనంతపురం నుంచి ఎంసీఏ చదివే ఒక అమ్మాయి అడిగింది: “అన్నా, సప్తగిరి సర్కిల్ దగ్గర ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్లు తీయించుకుని హాస్టల్‌కొచ్చి పెన్ డ్రైవ్ పెడితే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని బాక్సు వచ్చింది. తొందరలో ఫార్మాట్ కొట్టేశాను. 32 జీబీది. రిపోర్టుతో పాటు మా అక్క పెళ్లి ఫోటోలన్నీ అందులోనే. ఇంట్లో ఇంకా చెప్పలేదు. తిరిగొస్తాయా?”

చాలావరకు రావాలి చెల్లెమ్మా. కాకపోతే ఆ తర్వాత నువ్వు దాంట్లో ఇంకేమీ కాపీ చేసి ఉండకూడదు. పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక సినిమా ఎక్కించి చూసే అలవాటు మనోళ్లకుంది, అదొక్కటీ చేయకు.

ఫార్మాట్ ఎంతసేపు పట్టింది? కొన్ని సెకన్లలో అయిపోతే అది క్విక్ ఫార్మాట్, ఆ టిక్ మామూలుగా ముందే పెట్టి ఉంటుంది. అది ఫైళ్లను చెరపదు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికను మాత్రం ఖాళీ చేస్తుంది. అడంగల్లో పేరు కొట్టేసినంత మాత్రాన చేలో శెనక్కాయ పంట మాయం కాదు కదా, ఇంకెవరో వచ్చి దున్ని మళ్లీ విత్తితేనే పోతుంది, ఇదీ అంతే. ఆ టిక్ తీసేసి చాలాసేపు కూర్చుని ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాల్సిందే, ఎందుకంటే విస్టా అనే పాత వెర్షన్ నుంచి విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో మొత్తం సున్నాలు రాసేస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఫోటోరెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, టెస్ట్‌డిస్క్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో కలిసి ఒకే జిప్‌లో దిగుతుంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. పేరులో ఫోటో ఉంది గానీ వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లనూ పడుతుంది. ఆ జిప్‌లోనే క్యూఫోటోరెక్ అని ఉంటుంది, దాన్ని తెరిస్తే మౌస్‌తో పని జరిగిపోతుంది. జాబితాలో మీ పెన్ డ్రైవ్‌ను ఎంచుకో (సైజు 29, 30 అని చూపిస్తే కంగారు పడకు, లెక్కకట్టే తీరులో తేడా అది), ‘హోల్’ (Whole, అంటే మొత్తం) అన్నది పెట్టు, దొరికినవి దాచే చోటుగా ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ను చూపించు. పెన్ డ్రైవ్‌ను మాత్రం చూపించకు. కొన్నేళ్ల కిందట కర్నూలులో డీటీపీ పని చేసే మిత్రుడి పెళ్లిపత్రికల ఫైళ్లు తీసిపెడతానని గొప్పగా కూర్చుని, దొరికినవాటిని అదే పెన్ డ్రైవ్‌లోకి సేవ్ చేశాను. ఒక ఫైలు బయటికొస్తుంటే దాని వెనకున్న నాలుగు ఫైళ్ల మీద అది పడుతోందని నాకు తెలిసేసరికి సగం పోయాయి. వాడు పత్రికలన్నీ మళ్లీ టైపు చేసుకున్నాడు, నాకు టీ కూడా పోయలేదు.

స్కాన్ అయ్యాక ఫోల్డర్ తెరిస్తే దిగాలు పడొద్దు. పాత పేర్లుండవు, ఎఫ్ అక్షరం తర్వాత బారెడు అంకెలతో వందల ఫైళ్లుంటాయి. టీ తో మొదలయ్యేవి ఫోటోల్లో దాగున్న చిన్న బొమ్మలు, వాటిని వదిలెయ్. సైజు ప్రకారం వరస పెడితే పెళ్లి ఫోటోలు ఒకచోటికి చేరతాయి. ఎడిట్ చేస్తూ పదేపదే సేవ్ చేసిన ఫైలు ముక్కలై ఉండొచ్చు, అలాంటివి కొన్ని తెరుచుకోవు, రిపోర్టు విషయంలో ఆ టెన్షన్ కొంచెం ఉంది. ఫార్మాట్ కాకుండా ఊరికే డిలీట్ అయిన వాళ్లకైతే రికువా అనే సాఫ్ట్‌వేర్ చాలు, చాలాసార్లు పాత పేర్లతోనే ఇస్తుంది. పెన్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, అక్కడ వెతక్కండి.

కడప నుంచి ఒక రిటైర్డ్ టీచర్: “ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయాయి, సైజు మాత్రం నిండుగానే ఉంది.”

సార్, మీవి ఎక్కడికీ పోలేదు, వైరస్ దాచేసింది. ఆ షార్ట్‌కట్లను క్లిక్ చేయొద్దు, మీ కంప్యూటర్‌కీ ఎక్కుతుంది. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని పెట్టి, దాని కిందే ఉండే ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్ కూడా తీసేయండి, చాలామంది ఆ రెండోది వదిలేసి ఏమీ లేవంటారు. పేరు లేని ఒక ఫోల్డర్ కనిపిస్తే దాన్ని తెరిచి చూడండి, చాలావరకు అన్నీ అందులోనే ఉంటాయి. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, అప్పుడు పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

కర్నూలు నుంచి ఒకరు: “పెడితే వేడెక్కుతోంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘నో మీడియా’ అంటోంది.”

లోపలి కంట్రోలర్ చిప్ పోయినట్టుంది, ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు. వేరే పోర్టులో ఒక్కసారి పెట్టి చూడండి, అంతకుమించి పదేపదే గుచ్చకండి. ప్రాణప్రదమైనవి ఉంటేనే డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లండి, దాన్ని విప్పకముందే ఎంతవుతుందో, ఫైళ్లు రాకపోతే ఎంత తీసుకుంటారో అడిగి రాయించుకోండి.