టారో రీడింగ్ ప్రచారానికి మన సొంత ఫోటోలు పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆరు నెలలుగా టారో పేజీ, అంటే బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పే పేజీ, నడుపుతున్నారు. అందులో కార్డుల బొమ్మలు తప్ప మీ ముఖం ఎక్కడా లేదు, బుకింగులూ లేవు. ఫోన్లో ఉన్న పెళ్ళి ఫోటోలు, టూర్‌కి వెళ్ళినప్పటివి, పాపతో దిగినవి పెడదామంటే ఇంట్లో వద్దంటున్నారు.

నేను హైదరాబాద్‌లో ఏడేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ముఖం పెట్టండి, అందులో అనుమానమే అక్కర్లేదు. కానీ ఆల్బంలోంచి ఏరి పెట్టకండి. పేజీ కోసమే కూర్చుని తీయించుకున్నవి పెట్టండి. ఈ తేడా తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది, కొంత పరువు కూడా పోయింది.

ముఖం ఎందుకంటే, సోది చెప్పే ఎరుకలసాని మన అరుగు మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ చెబుతుంది. చిలక జోస్యం ఆయన కూడా చెట్టు కింద అందరికీ కనబడుతూనే ఉంటాడు. ఫోన్లో ఆ వీలు లేదు. మొహం చూడని మనిషికి మొగుడితో గొడవల గురించి ఎవరు చెప్పుకుంటారు? (మా పెదనాన్న నా పనిని ఇప్పటికీ 'ఇంగ్లీషు చిలక జోస్యం' అంటాడు. నిజమే, కాకపోతే ఇక్కడ చిలక పని కూడా నేనే చేస్తాను.)

నేను మొట్టమొదట పెట్టింది మా ఇంట్లో ఒక పెళ్ళికి దిగిన ఫోటో. మెరూన్ కంచిపట్టు, తలనిండా మల్లెపూలు. బాగున్నాను కదా అని నా వరకు కత్తిరించి పెట్టేశాను. ఆ వారం మెసేజులు బాగానే వచ్చాయి: చీర ఎక్కడ కొన్నారు, బొటిక్ పెట్టారా అని! రీడింగ్ గురించి ఒక్కరు అడగలేదు. పైగా నా భుజం మీద ఇంకొకరి చెయ్యి మిగిలిపోయింది. అది మా ఆడపడుచుది. ఆ గాజులు చూసి వాళ్ళ అత్తగారు గుర్తుపట్టేశారు. 'మా కోడలిని జాతకాల పేజీలో పెట్టారేంటి' అని మా అత్తగారికి ఫోన్. ఆల్బం ఫోటోలతో వచ్చే చిక్కే అది. మనల్ని మనం పెట్టుకున్నామనుకుంటాం, కానీ అందులో ఇంకో నలుగురు ఉంటారు, వాళ్ళనెవరూ అడిగి ఉండరు.

అది నవ్వుకుని వదిలేసే గొడవ. రెండోది అలా కాదు.

అప్పటికి నా పేజీలో అన్నీ ఉండేవి. పాప పుట్టినరోజు, శ్రీశైలం వెళ్ళిన ఫోటోలు, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కన కూర్చుని దిగింది కూడా. జనం దగ్గరవుతారని ఎవరో సలహా ఇచ్చారు, పెట్టాను. ఒక రోజు ఉదయం ఏడున్నరకి ఒకామె ఫోన్ చేసి, 'మేడం, 2,100 పంపి నాలుగు రోజులైంది, పూజ ఎప్పుడు చేస్తారు?' అని అడిగింది. నేను పూజలు చేయను. తీరా చూస్తే నా పేజీ పేరు మధ్యలో ఒక చుక్క చేర్చి ఎవడో ఇంకో ఖాతా తెరిచాడు. ఫోటోలన్నీ నావే, అదే వరసలో. నా ఫాలోయర్లకు విడివిడిగా మెసేజులు పంపాడు: 'మీ పితృదేవతలు మీకో మాట చెప్పమంటున్నారు' అని. నమ్మని వాళ్ళకి అమ్మ ఆసుపత్రి ఫోటో పంపి, 'అమ్మకి ఒంట్లో బాలేదు, అందుకే జవాబు ఆలస్యమైంది' అని రాశాడు. ఆ ఫోటో చూశాకే ఆమె డబ్బు పంపిందట.

టారో వాళ్ళ పేర్లతో ఇలా దొంగ ఖాతాలు తెరవడం దేశదేశాల్లోనూ జరిగేదే, నాకొక్కదానికే పట్టిన శని కాదు. కానీ నా ఇంటి ఫోటోలన్నీ వాడికి మేకప్ సామానుగా పనికొచ్చాయన్నది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. మామూలు ఫోటో ఒక్కటే ఉంటే వాడు నాలా కనబడేవాడు, అంతే. పాప, అమ్మ, శ్రీశైలం అన్నీ ఉండేసరికి వాడు నేనే అయిపోయాడు.

మీకు ఇలా జరిగితే ఏం చేయాలో ఇప్పుడే చెబుతాను, అప్పుడు వెతుక్కునే ఓపిక ఉండదు. వాడు బ్లాక్ చేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, ఆ ఖాతా లింకు కాపీ చేసి పెట్టుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు 'స్పామ్' అని కాకుండా వేరొకరిలా నటిస్తున్నారన్నది ఎంచుకుని, ఎవరిలా అంటే 'నేను' అని పెట్టాలి. గుర్తింపు కార్డు అడుగుతారు. డబ్బు పోయినవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోమని చెప్పండి. ఫిర్యాదులో ఐటీ చట్టం 66సి, 66డి అని రాయండి. ఇంకొకరి గుర్తింపు వాడుకోవడం, ఇంకొకరిలా నటించి మోసం చేయడం వాటి కిందకి వస్తాయి, ఒక్కోదానికి మూడేళ్ళ దాకా జైలు. నా విషయంలో ఖాతా పదకొండు రోజులకి పోయింది, ఆమె డబ్బు మాత్రం రాలేదు. ఆమెకి మూడు రీడింగులు ఊరికే చేసిపెట్టాను. నా తప్పు కాదని మా ఆయన అన్నాడు కానీ నాకు ఒప్పలేదు.

ఇంకోసారి బాల్కనీలో టీ కప్పుతో ఫోటో పెట్టాను. వెనకాల ఎదురు స్కూలు బోర్డు చక్కగా చదవడానికి వీలుగా ఉంది. పది రోజుల్లో ఒకాయన వచ్చి వాచ్‌మన్‌ని 'టారో మేడం ఫ్లాట్ ఏది' అని అడిగాడు. అప్పటినుంచి నా ఫోటోల్లో కిటికీ అవతల ఏమీ కనబడదు. స్కూటీ నంబరు ప్లేటు, పిల్లల యూనిఫాం కూడా అంతే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే తీసిన చోటు వివరం కూడా వెళ్ళిపోవచ్చు. పనికి వేరే సిమ్ తీసుకోండి. ముఖం పెట్టిన మర్నాటి నుంచే రాత్రి పదకొండింటికి 'హాయ్ మేడం' మెసేజులు మొదలవుతాయి, ఆ నంబరు పడుకోబోయే ముందు స్విచాఫ్ చేసుకోవచ్చు.

ఇప్పుడు నేనెలా తీసుకుంటానంటే, ఆరు నెలలకోసారి ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి, హాల్లో తూర్పు కిటికీ పక్కన, ఖాళీ గోడ ముందు. కాటన్ చీర. పాపే తీస్తుంది, ఫోన్ నా కళ్ళ ఎత్తులో పట్టుకుని. టేబుల్ మీద నల్ల వెల్వెట్ బ్లౌజు ముక్క పరుస్తాను, ఎందుకంటే లామినేషన్ కార్డులు వెలుతురుకి తళుక్కుమని బొమ్మ కనబడకుండా పోతుంది. ముదురు గుడ్డ మీద కొంచెం వంచి పెడితే సరిపోతుంది. ఒక్క గంటలో నలభై తీస్తే ఏడెనిమిది పనికొస్తాయి: నేను నేరుగా చూస్తున్నది ఒకటి, కార్డులు కలుపుతున్నది, చేతులు మాత్రమే ఉన్నవి నాలుగైదు. బ్యూటీ ఫిల్టర్ వద్దు. వీడియో కాల్లో 'మీరేనా అండీ?' అన్న ప్రశ్నతో రీడింగ్ మొదలైతే ఆ గంటంతా కోలుకోలేం.

టేబుల్ మీద ఏ కార్డు పైకి కనబడుతోందో కూడా చూసుకోండి. ఒకసారి నా మోచేతి పక్కన 13వ కార్డు, డెత్, ఉండిపోయింది. కవచం తొడుక్కున్న అస్థిపంజరం, తెల్ల గుర్రం. అది ముగింపుకీ మార్పుకీ గుర్తని మనకి తెలుసు, చూసేవాళ్ళకి తెలియదు కదా. 'చావు బొమ్మ పక్కన పెట్టుకుని నవ్వుతావేంటే' అని అమ్మ తిట్టింది. దాని బదులు 19వది, సన్, పెట్టి మళ్ళీ తీయించాను. అందులోనూ తెల్ల గుర్రమే, పైన పసిపిల్లాడు. ఎవరూ ఏమీ అనలేదు.

కార్డుల ఫోటోలకి హక్కుల సంగతి కూడా ఉంది. మనలో ఎక్కువమంది వాడే రైడర్ వెయిట్ డెక్ (కార్డుల కట్ట) 1909లో లండన్‌లో వచ్చింది. 78 బొమ్మలూ వేసింది పమేలా కోల్మన్ స్మిత్, 1951లో పోయింది. మన కాపీరైట్ చట్టంలో గడువు గీసినవాళ్ళు చనిపోయాక 60 ఏళ్ళు కాబట్టి ఆ పాత బొమ్మలకి ఇబ్బంది లేదు. కొత్తగా రంగులు మార్చినవి, ఈ కాలం ఆర్టిస్టులు వేసిన డెక్కులు అలా కాదు, వాటిని స్కాన్ చేసి పోస్టర్లలో అచ్చేయకండి. దశాబ్దాలపాటు ఆ డెక్ పేరులో అచ్చువేసినవాళ్ళ పేరుంది (రైడర్), బొమ్మలు గీయించినాయన పేరుంది (వెయిట్), గీసినామె పేరు లేదు. కానీ ఆమె దాదాపు ప్రతి బొమ్మలోనూ తన పొడి అక్షరాలు అల్లి పెట్టుకుంది, భూతద్దంతో చూడండి. నేను నా ఫోటోల మీద పేజీ పేరు వేసుకోవడం అది చూశాకే మొదలుపెట్టాను. మూలన వేస్తే కత్తిరించేస్తారు, చీర కుచ్చిళ్ళ మీదుగా పలచగా వేయండి.

స్టూడియోలో తీయించుకుంటే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి వేరే ఒప్పందం లేనంతవరకు మొదటి హక్కుదారు మీరే. ఊరికే తీసిపెట్టిన స్నేహితుడి విషయంలో ఆ హక్కు అతనిది. ఎవరితోనైనా ఒక వాట్సాప్ మెసేజ్‌లో 'ప్రచారానికి వాడుకుంటాను' అని రాసి 'సరే' అనిపించుకోండి.

క్లయింట్ల ఫోటోలు మాత్రం ఎప్పటికీ పెట్టను. వాళ్ళంతట వాళ్ళు 'సెల్ఫీ పెట్టండి అక్కా' అన్నా పెట్టను. ఒకమ్మాయి అలాగే పెట్టించుకుని, మూడు నెలల తర్వాత విడాకుల కేసు నడుస్తుండగా తీసేయమని ఏడ్చింది.

ఇక మీ ఇంట్లోవాళ్ళ సంగతి. మీవారు వద్దంటున్నది మీ ముఖాన్నా, పాప ముఖాన్నా అన్నది ముందు అడగండి. మా ఇంట్లో నెలరోజులు వాదించుకున్నాక తేలింది, ఆయనకి అభ్యంతరం పాప ఫోటోల మీదే. అవి ఆ రాత్రే ఇద్దరం కూర్చుని తీసేశాం, అరవై రెండు. పేజీకి నేనిప్పుడు పెట్టుకున్న ఫోటో ఆయన ఎంచిందే. నాకైతే అందులో ఎడమ కన్ను కాస్త చిన్నగా ఉన్నట్టనిపిస్తుంది.