పబ్ అంటే మన బార్ కాదండీ

"ఇంగ్లండు వచ్చి మూడు నెలలైంది. ఆఫీసువాళ్ళు ఆదివారం ఏదో పల్లెటూరి పబ్బులో భోజనానికి పిలిచారు. మేం మందు ముట్టం, ఇద్దరు చిన్నపిల్లలు. వెళ్తే బాగుంటుందా?" అని ఒకావిడ టెన్షన్ పడుతూ అడిగారు. నిక్షేపంగా వెళ్ళండి.

నేనూ మొదటి రెండేళ్ళు పబ్ బోర్డు కనబడితే అవతలి పేవ్‌మెంట్ ఎక్కినవాణ్ణే. ఆ బెరుకు పోగొట్టింది విల్ట్‌షైర్‌లో లేకాక్ అనే ఊరు. 1944లో టాల్బట్ కుటుంబం ఊరిని దాదాపు మొత్తంగా పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకి ఇచ్చేసింది. అందుకే పాత ఇళ్ళన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, సినిమావాళ్ళు తెగ వస్తుంటారు. అక్కడి జార్జ్ ఇన్ అనే పబ్ 1361 నాటిదని చెబుతారు. అంటే విజయనగరంలో బుక్కరాయలు ఏలుతున్న రోజులన్నమాట!

అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు జోరున వాన, గత్యంతరం లేక అందులో దూరాం. పెద్ద పొయ్యి, దాని పక్కన ఎత్తులో ఓ చెక్క చక్రం. అందులో కుక్కని పరుగెత్తించేవారట. చక్రం తిరిగితే, దానికి కట్టిన తాడు నిప్పు మీద మాంసం గుచ్చిన ఇనుప చువ్వని తిప్పుతుంది. పొట్టి కాళ్ళు, పొడుగు ఒళ్ళు ఉన్న కుక్కల్ని ఈ పనికే పెంచేవారు. తర్వాత యంత్రాలొచ్చాక ఆ జాతే లేకుండా పోయింది. అమ్మ చాలాసేపు చూసి, "గానుగెద్దు బతుకే. పాపం, పొద్దస్తమానం ఆ వాసన పీలుస్తూ తిరగడం, ముక్క పెట్టేవారో లేదో" అంది. పక్క బల్ల దగ్గరి ముసలాయన ఏమందని అడిగి, పడీపడీ నవ్వాడు. కాళ్ళ దగ్గర ఆయన కుక్క హాయిగా నిద్రపోతోంది.

ఇక మీ సంగతి. పిల్లల్ని చాలాచోట్ల రానిస్తారు, అయినా ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చాలా పబ్బుల్లో బల్ల దగ్గరికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్ళి, టేబుల్ నంబర్ చెప్పి ఆర్డర్ ఇవ్వాలి. లైమ్ సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు. శాకాహారులైతే మాత్రం మొహమాటపడకుండా అడగండి: గ్రేవీలో మాంసం రసం, వేయించిన బంగాళాదుంపలకి జంతువుల కొవ్వు, చిప్స్‌కి చేపలు వేయించిన నూనె మామూలే. నాకైతే అక్కడి కూరలన్నీ చప్పిడి, మిరియాలపొడి డబ్బా దగ్గర పెట్టుకుంటాను.

ఒకరు అందరికీ డ్రింక్స్ కొంటే తర్వాతి రౌండు ఇంకొకరిది. మీరు తాగింది జ్యూసే అయినా మీ వంతు మీదే.

అన్నట్టు, ఈ పాత పబ్బుల్లో దూలాలు బాగా కిందికుంటాయి. మీ ఆయన పొడగరైతే ముందే చెప్పండి. నాకు బొప్పి కట్టింది.