సంగీత జిజ్ఞాస: పులిట్జర్ బహుమతి, జాజ్, ప్రయోగ సంగీతం

ప్రశ్న: అమెరికాలో ఇచ్చే పులిట్జర్ సంగీత బహుమతి 1965లో నల్లజాతి జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్‌కు అందకుండా పోయిందనీ, 2007లో మాత్రం జాజ్ సాక్సఫోన్ వాద్యకారుడు ఓర్నెట్ కోల్‌మన్‌ను వరించిందనీ చదివాను. ఈ మధ్యకాలంలో మారినవి న్యాయనిర్ణేతల అభిరుచులా, బహుమతి నియమాలా?

జవాబు: రెండూ మారాయి. అయితే ఏ పురస్కారం స్వభావమైనా దాని ప్రశంసాపత్రాల్లో కంటే దరఖాస్తు నియమాల్లోనే స్పష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం; ఈ బహుమతి చరిత్ర అందుకు మంచి నిదర్శనం.

1943లో విలియం షూమన్ రాసిన ఒక కాంటాటాతో (గాయకబృందం, ఆర్కెస్ట్రా కలిసి వినిపించే రచనతో) మొదలైన ఈ బహుమతిని తొలినాళ్లలో ఆర్కెస్ట్రా, ఛాంబర్ (చిన్న వాద్యబృందాల) సంగీతం, బృందగానం, ఒపెరా వంటి రంగాల్లో పెద్ద రూపాల్లో కూర్చిన రచనల కోసం ఉద్దేశించారు. ఆ తర్వాత కూడా చాలాకాలం పాటు జ్యూరీ ముందుకు రావలసింది కాగితం మీది స్వరలిపి. జాజ్‌లోలాగా వాద్యకారుడు వేదిక మీద అప్పటికప్పుడు మనోధర్మంతో అల్లే సంగీతానికి, లేదా తన బృందంలోని ఒక్కొక్క వాద్యకారుడి పలుకును దృష్టిలో ఉంచుకుని ఎల్లింగ్టన్ మలచిన రచనలకు, ఆ కొలబద్దలో చోటు దొరకడం కష్టం. 1965లో ముగ్గురు సభ్యుల జ్యూరీ ఆయన పేరును మామూలు బహుమతికి కాక, జీవితకాల కృషికి ఇచ్చే ప్రత్యేక పురస్కారానికి సిఫారసు చేసిందన్న సంగతిని చాలామంది గమనించరు. ఆ పాటి గౌరవాన్ని సైతం, తుది నిర్ణయం తీసుకునే పులిట్జర్ బోర్డు తిరస్కరించింది. ఆ ఏడాది సంగీతానికి బహుమతే ఇవ్వలేదు. జ్యూరీ సభ్యుల్లో విన్‌త్రాప్ సార్జెంట్, రొనాల్డ్ ఐయర్ రాజీనామా చేశారు. అప్పటికి 66 ఏళ్ల వయసున్న ఎల్లింగ్టన్, మరీ చిన్న వయసులోనే తనకు పెద్ద పేరు రాకూడదని విధి దయతలచినట్టుందని చమత్కరించి ఊరుకున్నారు. దీనంతటికీ నియమాలనే బాధ్యుల్ని చేసి బోర్డును నిర్దోషిగా వదిలివేయడం కూడా సరికాదు, ఎందుకంటే శాస్త్రీయ పద్ధతిలోనే రాసే జార్జ్ వాకర్ ఈ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి స్వరకర్త కావడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది.

మరుసటి ఏడాది, 1997లో, వింటన్ మార్సాలిస్ రచన 'బ్లడ్ ఆన్ ద ఫీల్డ్స్' జాజ్‌కు తొలి పులిట్జర్ తెచ్చింది. అయితే అది గాయకులతో, పెద్ద జాజ్ బృందంతో సుమారు మూడు గంటలు సాగే ఒరటోరియో (కథను గానంతో చెప్పే పెద్ద శాస్త్రీయ రూపం), అంటే పాత కొలబద్దకు ఏ కొంచెమూ ఇబ్బంది కలిగించని రూపం. జాజ్ తలుపు దాటింది గాని, ఇంటివారి దుస్తులు తొడుక్కుని దాటింది. ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక పురస్కారం ప్రకటించింది 1999లో, ఆయన శతజయంతి సంవత్సరంలో. ఆయన కన్నుమూసి అప్పటికి పాతికేళ్లు.

అసలు మలుపు 2004లో వచ్చింది. స్వరలిపి తప్పనిసరి అన్న నిబంధన పోయి, రికార్డింగు పంపితే చాలునన్నారు. రచనకు 'గణనీయమైన పరిమాణం' ఉండాలన్న మాటను నిర్వచనంలోంచి తీసేశారు. తొలి ప్రదర్శనతో పాటు తొలి రికార్డింగునూ లెక్కలోకి తీసుకున్నారు. గతంలో ఈ బహుమతి పొందిన జాన్ హార్బిసన్ వంటి స్వరకర్తలు దీనివల్ల ప్రమాణాలు పడిపోతాయని బాహాటంగానే వ్యతిరేకించారు. కోల్‌మన్ 2007లో గెలిచింది 'సౌండ్ గ్రామర్' అనే ఆల్బమ్‌తో. అది 2005లో జర్మనీలో జరిగిన కచేరీ రికార్డింగు. పాత నియమాలే ఉండి ఉంటే దాన్ని వినడానికి ముందే పక్కన పెట్టేవారు. ఇందులో ఒక వింత కూడా ఉంది: చార్ల్స్ వూరినెన్ సింథసైజర్‌తో, ఒక రికార్డు సంస్థ కోసం కూర్చిన ఎలక్ట్రానిక్ రచనకు 1970లోనే ఈ బహుమతి దక్కింది. యంత్రం పలికించిన సంగీతాన్ని అంగీకరించిన తర్వాత, మనిషి ఆశువుగా పలికించే సంగీతాన్ని అంగీకరించడానికి ఇంకో 37 ఏళ్లు పట్టిందన్నమాట.

ప్రశ్న: శాస్త్రీయ, జాజ్, ప్రయోగ సంగీతాలకు విడివిడిగా బహుమతులు ఇచ్చే దేశాలు ఉన్నాయా? అది మేలైన పద్ధతేనా?

జవాబు: ఉన్నాయి. ఆస్ట్రేలియాలో స్వరకర్తల హక్కుల సంస్థ ఏపీఆర్‌ఏ ఆమ్‌కోస్, ఆస్ట్రేలియన్ మ్యూజిక్ సెంటర్ కలిసి నిర్వహించే ఆర్ట్ మ్యూజిక్ అవార్డ్స్‌లో ఛాంబర్, బృందగాన రచనలకూ, జాజ్‌కూ, ఎలక్ట్రోఅకౌస్టిక్ (ఎలక్ట్రానిక్ పరికరాలతో ధ్వనిని మలిచే) రచనలకూ వేర్వేరు విభాగాలు ఉంటాయి. బ్రిటన్‌లో 2003లో మొదలై, 2019లో ఐవర్స్ కంపోజర్ అవార్డ్స్‌గా పేరు మార్చుకున్న పురస్కారాల్లోనూ అప్పట్లో జాజ్‌కూ, ధ్వనికళకూ విడి విభాగాలు ఉండేవి. అమెరికాలోనే ప్రభుత్వ కళాసంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ 1982 నుంచి 'జాజ్ మాస్టర్స్' గౌరవాన్ని ఇస్తోంది; తొలి ఏడాది దాన్ని అందుకున్న రాయ్ ఎల్డ్రిడ్జ్, డిజీ గిలెస్పీ, సన్ రా అనే ముగ్గురిలో సన్ రా ప్రయోగాలకు పెట్టింది పేరు. అయితే అది ఒక రచనకు కాక, కళాకారుడి జీవితకాల కృషికి దక్కే గౌరవం.

విభాగాలు ఉంటే ఆయా సంగీతాలు తెలిసినవారే తీర్పు చెప్పే వీలుంటుంది. ఒక ఫ్రీ జాజ్ (కట్టుబాట్లు లేని ఆశువు జాజ్) ఆల్బమ్‌నూ ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌నూ (నాలుగు తంత్రీవాద్యాల శాస్త్రీయ రచననూ) పక్కపక్కన పెట్టి ఏది గొప్పదో తేల్చవలసిన ఇబ్బంది తప్పుతుంది. చిక్కల్లా విభాగాల మధ్య నడిచేవారితోనే. రేవెన్ చాకోన్‌కు నాయిస్ (రణగొణ ధ్వనులనే సంగీతంగా మలిచే) సంగీతకారుడిగా పేరుంది. 2022లో ఆయనకు పులిట్జర్ తెచ్చినదేమో పైప్ ఆర్గన్‌కూ వాద్యబృందానికీ రాసిన 'వాయిస్‌లెస్ మాస్'. జాజ్ డ్రమ్మర్‌గా చాలామంది ఎరిగిన టైషాన్ సోరే 2024లో గెలిచింది సాక్సఫోన్‌కూ ఆర్కెస్ట్రాకూ రాసిన ఒక నెమ్మదైన రచనతో. ఇటువంటివారు ఏ గడిలో టిక్కు పెట్టాలన్నది దరఖాస్తు దశలోనే ఎదురయ్యే సమస్య. అయినా నా మొగ్గు విభాగాల వైపే, ఎందుకంటే ఒకే బహుమతి ఉన్నచోట ఏ సంగీతం పక్కకు తప్పుకోవలసి వస్తుందో ఎల్లింగ్టన్ ఉదంతం చెబుతూనే ఉంది.

ప్రశ్న: జ్యూరీ నిర్ణయాన్ని పులిట్జర్ బోర్డు ఇప్పటికీ తోసిపుచ్చగలదా?

జవాబు: తోసిపుచ్చగలదు. జ్యూరీ పని పేర్లు సూచించడం వరకే; తుది నిర్ణయం బోర్డుదే. 1992లో జ్యూరీ రాల్ఫ్ షాపీ పేరొక్కటే పంపితే, బోర్డు ఇంకో పేరు అడిగి, రెండవదిగా వచ్చిన వేన్ పీటర్సన్ రచనకు బహుమతి ప్రకటించింది. వృత్తిరీత్యా సంగీతజ్ఞులు కానివారు తమ తీర్పును మార్చడం తగదని జ్యూరీ సభ్యులు బహిరంగంగానే నిరసన తెలిపారు గాని, ఆ అధికారం నేటికీ బోర్డు చేతిలోనే ఉంది.